సాక్ష్యం వంతు వచ్చేలోగా

ఇంకా ఇద్దరున్నారు. ఇప్పుడు మైకు ముందు నిలబడ్డ కృష్ణమూర్తిగారు ముగించాలి, ఆ తర్వాత రాజమండ్రి నుంచి కొడుకు దగ్గరికి వచ్చిన పెద్దావిడ చెప్పాలి, ఆపైన పాస్టరుగారు ఇటు తిరిగి సిస్టర్ సుమతిగారు అంటారు. సుమతి ఒళ్ళో బైబిలు మీద రెండు చేతులూ బోర్లించి పెట్టుకుని, తను చెప్పబోయే మాటను మరోసారి లోలోపల అనుకుంది. దేవుడు నాకిచ్చిన కృపను బట్టి బ్రదర్ సత్యాన్ని నేను హృదయపూర్వకంగా క్షమించాను. హృదయపూర్వకంగా అనాలా, సంపూర్ణంగా అనాలా అన్నది పొద్దున పలావు కలుపుతున్నప్పటి నుంచీ తేలలేదు. సంపూర్ణంగా అంటే పాస్టరుగారి మాటలా ఉంటుంది. ఉత్తినే క్షమించాను అంటే కాలు తొక్కినవాణ్ణి క్షమించినట్టుంటుంది. ఇది కాలు తొక్కడం కాదు. ఈ హాల్లో కూర్చున్న ఇంతమందిలో ఇంత పెద్ద మాట చెప్పగలిగింది ఇవాళ తనొక్కతే, ఆ సంగతి తనకు తెలియడంలో తప్పేమీ కనిపించలేదామెకు. దేవుడు చేయించిన పనిని చెప్పుకోవడం గర్వమెలా అవుతుంది, సాక్ష్యం అవుతుంది గాని. ఏసీ గాలికి కొంగు భుజం చుట్టూ లాక్కుని మెడ నిటారుగా పెట్టుకుంది. మూడో వరుసలో సత్యం తల వెనకభాగం కనిపిస్తోంది. ఈ నాలుగేళ్ళలో నడినెత్తిన పలచబడింది. పక్కన అతని భార్య రేణు, నీలం చీరలో, కొంచెం ముందుకు వంగి. బుధవారం ట్రక్కు వస్తుందట, సామానంతా జార్జియాలో కమ్మింగ్‌కి, అక్కడ సత్యానికి కొత్త ఉద్యోగం. అంటే డెట్రాయిట్ పక్కనున్న ఈ ట్రాయ్ తెలుగు సంఘంలో వాళ్ళకిది ఆఖరి ఆదివారం. సుమతికి కూడా ఈ మాట చెప్పడానికి ఇదే ఆఖరు అవకాశం.

ఈ గుడి తెలుగువాళ్ళది కాదు. పొద్దున అమెరికన్లు ఆరాధన చేసుకుని వెళ్ళిపోయాక మధ్యాహ్నం మూడింటికి అద్దెకిస్తారు. వాళ్ళ కాఫీ వాసన ఇంకా తివాచీలోనే ఉంది, వాళ్ళు పాడిన పాటల అంకెలు గోడ మీది పలకలో అలాగే ఉన్నాయి, మొదట్లో సుమతికి అది ఎవరో భోంచేసి లేచిన బల్ల దగ్గర కూర్చున్నట్టుండేది. తర్వాత తర్వాత అలవాటయింది. రంగుటద్దాల్లోంచి వచ్చిన ఎర్రటి వెలుగు ఆరాధన మొదట్లో పియానో మీద ఉంటుంది, సాక్ష్యాల వేళకి జారి నడవలోకి వస్తుంది, భోజనాల వేళకి మాయమైపోతుంది. ఇప్పుడది నడవలో ఉంది. కృష్ణమూర్తిగారి గ్రీన్ కార్డు కథ ఆయన ఆఫీసు దాటి లాయరు దాకా వచ్చింది. లాయరు చేతులెత్తేశాక దేవుడు చెయ్యి వేశాడు అన్నారాయన, ఆమెన్ అన్నారందరూ, వాళ్ళలో సగం మందికి ఇంకా రానే లేదు గనక మరీ గట్టిగా అన్నారు. సుమతి కూడా అంది. వెనక సౌండు పెట్టె దగ్గర ఆమె భర్త జయపాల్ ఉన్నాడు, మైకులన్నీ ఆయన చేతిలోనే ఉంటాయి. ఇందాక కారులో వస్తుంటే ఆ మాటే అన్నాడు. నువ్వు గాడి తప్పావనుకో, గొంతు తగ్గించేస్తా అన్నాడు. పెళ్ళయినప్పటి నుంచీ మీరు చేస్తున్నదదే కదా అంది తను. ఆయన నవ్వి, సిగ్నలు దగ్గర ఆగి, ఆ చెప్పేదేదో సత్యం ఇంటికెళ్ళి చెప్పొచ్చుగా, పది నిమిషాల దూరం అన్నాడు. అందరి ముందు చేసినదానికి అందరి ముందే చెప్పాలి అంది సుమతి. ఆ జవాబు చాలా సరైన జవాబని ఆమెకు అప్పుడే అనిపించింది. ఆకుపచ్చ లైటు వచ్చినా ఆయన ఒక క్షణం కదల్లేదు, వెనక కారతను హారను కొట్టాడు.

క్షమించడం వాళ్ళింట్లో తరతరాలుగా వస్తున్న పని. ఒంగోలు అవతల ఊళ్ళో సుమతి వాళ్ళమ్మను చూసి నేర్చుకోవాలి అనేవాళ్ళు. పక్కింటి రూతమ్మ తన పెట్టను సుమతి వాళ్ళమ్మే కూరొండుకుందని ఆదివారం పూట గుడి మెట్ల మీద నలుగురి ముందు అనేసింది. వారం తిరక్కుండా ఆ పెట్ట గడ్డివాములోంచి పిల్లలతో సహా దిగొచ్చింది. ఆ నెల ప్రభు భోజన సంస్కారం రోజున, రొట్టె పంచబోయే ముందు, ఎవరికి ఎవరి మీద వ్యాజ్యం ఉన్నా సమాధానపడండి అని అయ్యగారు అనగానే, అమ్మ తెల్లచీర కుచ్చిళ్ళు పట్టుకుని గుడి ఈ చివర నుంచి ఆ చివరికి నడిచి వెళ్ళి రూతమ్మ చెయ్యి పట్టుకుంది. నిన్ను నేను క్షమించానే రూతమ్మా అంది. గుడి మొత్తం కళ్ళు తుడుచుకుంది. ఎనిమిదేళ్ళ సుమతి చాప మీద కూర్చుని అమ్మను చూసి మెడ నిటారుగా పెట్టుకుంది, ఇవాళ్టి ఈ నిటారు మెడ అప్పటి అలవాటే. కాని ఆ తర్వాత సంగతి కూడా సుమతికి గుర్తే. బావి దగ్గర, మిల్లు దగ్గర, రూతమ్మ ఎదురైనప్పుడల్లా అమ్మ రావే రూతమ్మా, నా మనసులో ఏమీ లేదులే అనేది. రూతమ్మ కూతురి పెళ్ళిలో కూడా అంది. మీ అమ్మ క్షమించిందంటే ఆ మనిషి ఇక తల ఎత్తుకోలేదే అని నాన్న నవ్వేవాడు, అమ్మ దాన్ని పొగడ్తగానే తీసుకునేది. చివరికి రూతమ్మ నీళ్ళకి వేరే బావికి పోవడం మొదలుపెట్టింది. ఆ రోజు అమ్మ చెయ్యి వదిలాక రూతమ్మ ఆ రొట్టెముక్క ఎలా మింగిందో అని ఇన్నేళ్ళలో ఎప్పుడూ రాని ఆలోచన సుమతికి ఇప్పుడు, ఇక్కడ, ఏసీ చప్పుడులో వచ్చింది. ఛ, ఇప్పుడదంతా ఎందుకు. హృదయపూర్వకంగానే బాగుంటుంది.

కృష్ణమూర్తిగారు దిగారు. రాజమండ్రి పెద్దావిడను కొడుకు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు, మైకు ఆమె నోటికంటే జానెడు ఎత్తుంటే వెనక నుంచి జయపాల్ సైగ చేశాడు, కొడుకు వంచాడు. ఆవిడ దేవుడికి స్తోత్రం అని మొదలుపెట్టి, డెట్రాయిట్ విమానాశ్రయంలో తన పెట్టె తెరిపించారని, అడుగున చీరల మధ్య రెండు గోంగూర పచ్చడి సీసాలు, ఒక ఎండురొయ్యల పొట్లం ఉన్నాయని, ఆ పిల్ల అధికారి చెయ్యి సరిగ్గా వాటి మీదే పెట్టిందని చెప్పింది. "నేను కళ్ళు మూసుకుని ప్రభువా నీ చిత్తం అన్నానమ్మా. దాని కళ్ళకి ఆయన పొర కప్పాడు. పొమ్మంది." హాలంతా నవ్వింది. మూడో వరుసలోంచి సత్యం నవ్వు అన్నింటికంటే గట్టిగా వినబడింది, ఎప్పటిలాగే ముందు పెద్దగా, చివర్న దగ్గులా ఆగిపోతూ. ఆ నవ్వు విని తనకీ నవ్వు రావడం సుమతికి నచ్చలేదు. ఆ నవ్వు తమ వంటింట్లో ఎన్నిసార్లు వినలేదు. ట్రాయ్ వచ్చిన మొదటి చలికాలం జయపాల్ పని మీద మెక్సికోలో ఉండిపోతే, తెల్లారకముందే పార చప్పుడు వినబడేది, కిటికీ తీసి చూస్తే సత్యం, చెవుల మీదికి టోపీ లాక్కుని, కారు దాకా మంచు తీస్తూ ఉండేవాడు. లోపలికి రమ్మంటే ఇడ్లీలయితే వస్తా, ఉప్మా అయితే ఆఫీసుంది అనేవాడు. సుమతి కూతురు దేదీప్య సండే స్కూలు రేణు దగ్గరే, పదకొండేళ్ళ పిల్ల ఇంటికొచ్చి రేణు ఆంటీ అలా అంది, రేణు ఆంటీ ఇలా చెప్పింది అని వారమంతా అదే పాట. తనకు చెల్లెళ్ళు లేరు. రేణునే చెల్లెలనుకుంది. అందుకే నాలుగేళ్ళ కిందట, పిల్లను చేర్చిన హాస్పిటల్ వరండాలోంచి మొదటి ఫోను రేణుకే చేసింది, ఎవరికీ చెప్పకే అంది, చెప్పను అక్కా అంది రేణు. సత్యానికి చెప్పింది. భర్తకు చెప్పడం చెప్పడం కాదనుకుని ఉంటుంది. తనైనా అలాగే అనుకునేదేమో.

ఆ ఆదివారం దేదీప్య ఎర్ర ఉన్ని టోపీ పెట్టుకుని వచ్చింది. హాస్పిటల్ నుంచి వచ్చాక మొదటిసారి, తనంతట తానే వస్తానంది. ఇదే వరుస, ఈ చివర. ప్రార్థన మనవులు చెప్పే వేళ. ఒకరికి మోకాళ్ళు, ఒకరికి వీసా, ఒకరి తమ్ముడికి ఇంటర్వ్యూ. సత్యం అప్పట్లో సంఘపెద్ద. లేచి మైకు తీసుకున్నాడు. మన దేదీప్య పాప కోసం ప్రార్థన చేద్దాం అన్నాడు. పాపకి మనసు బాగోలేదు, హాస్పిటల్లో ఉండి వచ్చింది, మంచులో చెప్పుల్లేకుండా వెళ్ళిపోయింది, ప్రాణం తీసుకునే ఆలోచన సాతాను పెట్టాడు, ఆ దురాత్మ బంధకాల నుంచి విడుదల కావాలి, అందరూ పాప వైపు చేతులు చాపండి. చెబుతూ ఏడ్చాడు కూడా, అది నిజం ఏడుపు, సుమతికి ఇన్నేళ్ళూ మింగుడుపడనిది అదే. పగతో చేసి ఉంటే ఎంత బాగుండేది. ఆ రోజు హాల్లో ఉన్న చేతులన్నీ లేచి పిల్ల వైపు తిరిగాయి, ముసలి చేతులు, గాజుల చేతులు, బొమ్మలకు రంగులు వేస్తూ ఆగిపోయిన చిన్నపిల్లల చేతులు. పియానో మెల్లగా మొదలైంది. పిల్ల టోపీ చెవుల మీదికి లాక్కుని, లేచి, నడవలోంచి నడిచి, తలుపు తోసుకుని వెళ్ళి కారు వెనకసీట్లో కూర్చుంది. మళ్ళీ ఈ గడప తొక్కలేదు. ఇప్పుడు షికాగోలో ఉంటోంది, పెద్ద లైబ్రరీలో పని, పిల్లలకు కథలు చదివి వినిపిస్తుంది. ఆ రోజు తను వెంటనే పిల్ల వెనకాల ఎందుకు వెళ్ళలేదు అన్నది సుమతి చాలాసార్లు ఆలోచించకుండా పక్కన పెట్టిన సంగతి. ఇవాళ పెద్దావిడ మైకు దగ్గర ఇంకా మాట్లాడుతుండగా, ఎర్ర వెలుగు నడవలో కొంచెం జరిగినప్పుడు, అది దానంతటదే వచ్చి ఎదురుగా నిలబడింది. తన చెయ్యి కూడా లేచే ఉంది. చేతులు చాపండి అనగానే అలవాటు కొద్దీ, కళ్ళు మూసుకుని, తను కూడా చాపింది. కళ్ళు తెరిచేసరికి తన చెయ్యి ఖాళీ కుర్చీ వైపు చాచి ఉంది.

మర్నాడు సాయంత్రం సత్యం, రేణు ఇంటికొచ్చారు. చెప్పులు విప్పి గుమ్మంలోనే నిలబడ్డారు. ప్రార్థన కోసమే కదా అక్కా అడిగాను అన్నాడు సత్యం. అది క్షమాపణ కాదని సుమతికి అప్పుడే తెలుసు. టీ ఇచ్చింది. బిస్కెట్లు కూడా పెట్టింది. ఒక్క మాట మాట్లాడలేదు, ఆ మాట్లాడకపోవడాన్ని ఎంత చక్కగా చేసిందో తలుచుకుంటే ఇప్పటికీ ఆమెకు లోపల ఒక తృప్తి. అప్పటి నుంచి ఎదురుపడితే వందనాలు, అంతే, తల కొంచెం ఆడించి. వాళ్ళింటి విందులకు వెళ్ళలేదు. రేణుకి ఆపరేషనయితే పులుసు చేసి జయపాల్ చేత పంపింది, తను వెళ్ళలేదు. ఆ పిల్ల విషయంలో సత్యం అలా చెయ్యాల్సింది కాదు, అయినా సుమతక్కది ఎంత ఓర్పు అని స్త్రీల కూటంలో అనుకోవడం తన చెవిన పడింది, విననట్టే పాటల పుస్తకం తిప్పింది గాని విన్నది. ఆ ఓర్పుకి ఇవాళ శిఖరం పెట్టాలి. సత్యం తల దించుకుంటాడు, రేణు ఏడుస్తుంది, పాస్టరుగారు చూశారా అంటారు, నలుగురూ వచ్చి చెయ్యి పట్టుకుంటారు. తను నెమ్మదిగా, నాదేం లేదండీ, దేవుని కృప అంటుంది.

నిన్న ఫోనులో దేదీప్యతో ఈ మాట చెప్పింది. అటువైపు లైబ్రరీ మూసే వేళ, కుర్చీలు జరుపుతున్న చప్పుడు. ఏం చెప్తావు అమ్మా అంది పిల్ల. నీ పేరు చెప్పనులే అంది తను. "నా పేరు చెప్పకపోయినా అందరికీ తెలుసు కదా అమ్మా. నువ్వు అది చెప్తే, మళ్ళీ నేనే స్టోరీ అవుతాను." సుమతికి కోపం వచ్చింది, ఇది నా సాక్ష్యం, నాకూ దేవుడికీ సంబంధించింది అంది. ఓకే అమ్మా అంది పిల్ల. దాని ఓకేలో విసుగు లేదు, అది ఎప్పుడూ అంతే, మెత్తగా జరిగి చోటిచ్చేస్తుంది. చిన్నప్పుడు మంచం మీదా అంతే. హాస్పిటల్లోనూ అంతే. తలుచుకున్నప్పుడల్లా సుమతి ఆ హాస్పిటల్ గది తలుపు దగ్గరే ఆగిపోతుంది, లోపలికి వెళ్ళదు. ఇవాళ ఎందుకో కాళ్ళు ఆగలేదు. తెర పక్కన తను. మంచం మీద పిల్ల, పందొమ్మిదేళ్ళది, నీలం గౌనులో, పాదాలకు కట్లు. డాక్టరమ్మ అడిగింది, మాత్రలు ఎప్పుడు ఆపేశావు, ఎవరాపమన్నారు అని. మాత్రల సీసా అప్పుడు ఇంట్లో బియ్యం డబ్బా అడుగున ఉంది. తనే పెట్టింది. మూడు రోజులు ఉపవాసం ఉందాం తల్లీ, మాత్రల మీద కాదు, దేవుడి మీద ఆనుకుందాం అంది. పిల్ల సరేనంది. నాలుగో రోజు పొద్దున వంటింట్లోకి వచ్చి మాత్రలు ఇస్తావా అమ్మా అని అడిగింది, గ్లాసుతో నీళ్ళు కూడా తెచ్చుకుంది. నీకు విశ్వాసం ఉంటే ఆ మాట అడగవు అంది తను. పిల్ల నీళ్ళు తాగేసి వెళ్ళిపోయింది. మళ్ళీ అడగలేదు. మూడు రోజులనుకున్నది రెండు వారాలయింది. ఒక తెల్లవారుజామున మంచు తోసే బండి నడిపే అతను బస్టాపు బెంచీ మీద పిల్లను చూసి తన కోటు కప్పాడు. డాక్టరమ్మ మళ్ళీ అడిగింది. దేదీప్య తెర వైపు చూడలేదు. ఐ స్టాప్డ్ దెమ్ మైసెల్ఫ్ అంది. నేనే ఆపేశాను. సుమతి నోరు తెరవలేదు. ఆ మధ్యాహ్నం ఇంటికొచ్చి, బట్టలు ఆరబెట్టే యంత్రం గిర్రున తిరుగుతుంటే దాని పక్కనే సిమెంటు నేల మీద మోకరించింది. ఏమని ప్రార్థించిందో ఆమెకే తెలియదు, మాటలు రాలేదు గనక. యంత్రం ఆగిపోయిన చాలాసేపటికి లేచింది. లేచినప్పుడు తనను ఎవరో నేల మీంచి ఎత్తినట్టు, ఎత్తిన చెయ్యి ఇంకా వీపు మీద ఉన్నట్టు ఉంది. డబ్బాలో చెయ్యి పెట్టి సీసా తీసింది, బియ్యపు గింజలు అంటుకున్నాయి, తుడిచింది, హాస్పిటల్‌కి తీసుకెళ్ళింది. దేవుడు క్షమించాడని ఆమెకు తెలుసు. అది తెలియకపోతే ఆ తర్వాత ఒక్క రోజు కూడా అన్నం వండగలిగేది కాదు.

రాజు దగ్గర మొయ్యలేని అప్పు మాఫీ చేయించుకుని బయటికొచ్చి, చిల్లర బాకీ కోసం తోటివాడి గొంతు పట్టుకున్న దాసుడి కథ సుమతి స్త్రీల కూటంలో ఎన్నిసార్లో చెప్పింది. బాగా చెబుతుందని పేరు కూడా. గొంతు పట్టుకోవడం దగ్గర చెయ్యి పెట్టి చూపిస్తుంది. తను సత్యం గొంతు పట్టుకోలేదే, వందనాలు చెబుతూనే ఉంది, పులుసు పంపింది. కూతురికి జరిగింది తలుచుకోవలసి వచ్చినప్పుడల్లా మంచు దగ్గర నుంచి కాకుండా మైకు దగ్గర నుంచే ఎందుకు తలుచుకుంటుందో ఆమెకు తెలియదు. సత్యం చేసినది తప్పు. అందులో సందేహం లేదు, దేవుడినడిగినా తప్పనే అంటాడు. కాని తప్పు అంత పెద్దగా నిలబడి ఉంటే, దాని వెనక మరేదైనా దాక్కోవడానికి చోటుంటుంది కదా.

చప్పట్లు. పెద్దావిడను కొడుకు దించుతున్నాడు. పాస్టరుగారు ఇటు తిరిగారు. "సిస్టర్ సుమతిగారు. అక్క చాలా రోజుల తర్వాత సాక్ష్యం చెప్తానన్నారు." మూడో వరుసలో నవ్వు ముగియని భుజాలు ఒక్కసారిగా ఆగిపోయాయి. సుమతి లేచింది. మెడ సరిచేసుకుని నడిచింది. దేవుడు నాకిచ్చిన కృపను బట్టి. ఎర్ర వెలుగు పాదాల మీద పడింది, దాటింది. బ్రదర్ సత్యాన్ని నేను. మూడో వరుస పక్కకు వచ్చేసరికి చూడకూడదనుకుంటూనే చూసింది. సత్యం ఆమెనే చూస్తున్నాడు. ఆ ముఖం నాలుగేళ్ళుగా ఈ నడక కోసమే ఎదురుచూస్తున్న ముఖం. ప్రతి ఆదివారం ఆమె లేచినప్పుడల్లా ఇవాళేనా అనుకుంటూ వచ్చిన ముఖం. అతని పదేళ్ళ కొడుకు పక్కనే ఉన్నాడు, ఆ పిల్లాడికి ఏమీ తెలియదు, ఇప్పుడు తెలుస్తుంది. రేణు కళ్ళు మూసుకుని పెదవులు కదుపుతోంది. ఒక్క వాక్యం చాలు. తన చేతిలో ఎంత పెద్ద వస్తువుందో సుమతికి అప్పుడు బరువు తెలిసింది, ఒక్క క్షణం ఆ బరువు తియ్యగా కూడా ఉంది, అబద్ధమెందుకు. మళ్ళీ బావి దగ్గరి అమ్మ గొంతు. నా మనసులో ఏమీ లేదులే. నాలుగు అడుగుల్లో మైకు. దేవుడు తనను క్షమించినప్పుడు ఎవరికి చెప్పాడు, అన్న ప్రశ్న ఆ నాలుగు అడుగుల్లో ఎక్కడో వచ్చింది. పాస్టరుకి చెప్పలేదు. సంఘానికి చెప్పలేదు. పక్క గదిలో ఉన్న జయపాల్‌కి కూడా ఇప్పటిదాకా చెప్పలేదు. తెర వైపు తిరగకుండా నేనే ఆపేశాను అన్న పిల్ల మాత్రం ఎవరికి చెప్పింది. క్షమించినవాళ్ళిద్దరూ ఆమె పరువు కప్పేశారు. కప్పి, కప్పినట్టు కూడా తెలియనివ్వలేదు.

మైకు ముందు నిలబడింది. వెనక జయపాల్ లేచి నిలబడి ఉన్నాడు, చెయ్యి పెట్టె మీద ఉంది.

"దేవుడు నాకిచ్చిన కృపను బట్టి," అంది సుమతి. గొంతు బాగానే వచ్చింది. మిగతాది నాలుక మీదే ఉంది, పొద్దుట్నుంచి ఎన్నిసార్లు అనుకుందో గనక దానంతటదే రాబోయింది. మింగింది. హాల్లో ఎవరిదో పసిబిడ్డ కూని రాగం తీసింది. వాళ్ళంతా చూస్తున్నారు, సుమతక్క మరిచిపోయిందనుకుంటున్నారు, అనుకోనీ. "నేను క్షమాపణ పొందినదాన్ని. ఎంత పొందానో ఆయనకి తెలుసు, నాకు తెలుసు. అంతేనండి నా సాక్ష్యం."

ఆమెన్ వెంటనే రాలేదు. ఇంకేదో ఉంటుందని ఎదురుచూశారు. పాస్టరుగారు ఆమె వైపు చూసి, మైకు వైపు చూసి, దేవునికే మహిమ అన్నారు, అప్పుడు నాలుగు చోట్ల నుంచి విడివిడిగా ఆమెన్ వినబడింది. కృష్ణమూర్తిగారి గ్రీన్ కార్డుకి వచ్చినదానిలో పావు వంతు కూడా లేదు. ఇంత చిన్న సాక్ష్యం ఈ సంఘంలో ఎవరూ చెప్పి ఉండరు. సుమతి మెట్టు దిగింది. మెడ వంగలేదు. వంగుతుందేమోనని చూసుకుంది, వంగలేదు, ఎందుకు వంగాలి. హాస్పిటల్ గౌనులో పందొమ్మిదేళ్ళ పిల్ల చేసిన పని ఈ వయసులో తను చేసింది. ఆ పిల్ల తన పిల్ల. లోకంలో ఎంతమంది తల్లులకు ఆ మాట అనుకునే భాగ్యం ఉంటుంది. ఇది గర్వమైతే దేవుడు దీన్ని కూడా క్షమించుకోవాలి, అడగడానికి ఆమె సిద్ధమే, ఇవాళ మాత్రం కాదు.

మూడో వరుస దగ్గరికి వచ్చాక కాళ్ళు ఆగాయి. తన కుర్చీ వెనక ఎక్కడో ఉంది. రేణు పక్కన ఒక చోటుంది, దాని మీద చేతిసంచి, కోటు. సుమతి నిలబడింది. సత్యం ముందు అర్థం చేసుకుని, గబగబా లేవబోయి, వంగి రేణు మీదుగా చెయ్యి చాపి కోటు తీశాడు, సంచి కింద పడింది, అది తీశాడు. అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి, ఆ రోజు మైకు పట్టుకున్నప్పటిలాగే, ఇది కూడా నిజమైన ఏడుపే. ఇతను నిజంగానే ప్రార్థన కోసమే అడిగాడు. అయినా తప్పే. ఈ రెండూ ఒక మనిషిలో ఎలా పడతాయో దేవుడే చెప్పాలి, తనలో ఎలా పట్టాయో ముందు చెప్పాక. సుమతి కూర్చుంది. ఇప్పుడే ఇద్దరి మధ్యా అంతా బాగయిపోయిందని ఆమెకు అనిపించలేదు. లోపల చెయ్యి పెట్టి చూసుకుంటే ఆ పాత గట్టిదనం అక్కడే ఉంది, కాకపోతే అది ఇప్పుడు ఎవరి గొంతూ పట్టుకుని లేదు. రేపు మళ్ళీ పట్టుకోబోతుందేమో, మళ్ళీ విడిపించుకోవాలేమో. క్షమించడం ఒక రోజు పని అని వాళ్ళ అమ్మకు ఎవరు చెప్పారో.

పియానో మొదలైంది. పాస్టరుగారు కమ్మింగ్ వెళ్తున్న కుటుంబం గురించి, వాళ్ళు చేసిన సేవ గురించి మాట్లాడుతున్నారు. రేణు తల తిప్పలేదు. చూపు ముందుకే ఉంచి, పెదవులు కదలకుండా, సండే స్కూల్లో పిల్లల్ని హెచ్చరించేటప్పటి గొంతుతో అడిగింది.

"అక్కా. పాప ఎలా ఉంది?"

నాలుగేళ్ళుగా అడగడానికి రేణుకి ధైర్యం రాలేదు, అడగనిచ్చే ముఖం తను పెట్టలేదు. బాగుంది అని ఊరుకోవచ్చు. లైబ్రరీ అనీ, కథలనీ, మాత్రలు వేళకి వేసుకుంటోందనీ చెప్పొచ్చు, నోటి దాకా వచ్చింది కూడా. కాని అవి పిల్ల మాటలు. చెప్పాలో వద్దో పిల్లే చూసుకుంటుంది, ఎవరికి ఎంత చోటివ్వాలో దానికి తెలిసినట్టు తమలో ఎవరికీ తెలియదు.

"దాన్నే అడుగు," అంది సుమతి. "నంబరు మారలేదు."